తల ఆరాకే నిద్ర



రాత్రి తొమ్మిదిన్నర, పది గంటలు. చాలా ఇళ్లలో ఆడవాళ్లకు తలస్నానం చేసే తీరిక దొరికేది అప్పుడే. ఆఫీసు నుంచో, కొట్టు నుంచో, పొలం నుంచో ఇల్లు చేరి, వంట ముగించి, పిల్లల చదువులు చూసి, గిన్నెలు కడిగి, పాలు తోడుపెట్టి, అప్పుడు బకెట్టులో వేడినీళ్లు పట్టుకుంటారు. మళ్లీ తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. నడుము దాటిన జుట్టు గంటలో ఆరుతుందా? ఆరదు. తువ్వాలుతో నాలుగుసార్లు ఒత్తి, ముడి చుట్టుకొనో జడ అల్లుకొనో ఆ తడి తలతోనే దిండు మీద వాలిపోతారు. హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లల్లోనూ చాలామందిది ఇదే తీరు. అలా పడుకున్న రాత్రి ఆ జుట్టుకు ఏమవుతుందో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు మన పెద్దవాళ్ల భయం సంగతి చూద్దాం. తడి తలతో పడుకుంటే రొంప పడుతుందని, తలలోకి నీరు దిగుతుందని, తల బరువెక్కుతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. తలలోకి నీరు దిగడమన్నది జరిగే పని కాదు. నెత్తిన పోసుకున్న నీళ్లు వెంట్రుకల్లో, మాడు చర్మం పైపొరలో ఆగిపోతాయి. దాని కింద పుర్రె ఎముక ఉంది. ముఖంలోని సైనస్ గదుల్లో నిండేది ఆ గదుల లోపలి పొరల్లోంచి ఊరే జిగురే గాని జుట్టులోంచి జారిన నీరు కాదు. ఈ ఒక్క భయాన్ని మాత్రం మనం నిశ్చింతగా వదిలేయవచ్చు.

జలుబు మాట కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. జలుబు తెచ్చేది వైరస్. తడి జుట్టులోంచి వైరస్ పుట్టదు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు మీద పరిశోధన కోసమే ఒక కేంద్రం పెట్టారు. సర్ క్రిస్టఫర్ ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త అక్కడ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. తమంతట తాము ముందుకొచ్చిన మనుషులకు వేడినీళ్ల స్నానం చేయించి, ఒళ్లు తుడుచుకోనివ్వకుండా గాలి కొట్టే నడవలో నిలబెట్టారు, తడి మేజోళ్లతో తిప్పారు. తడవని వాళ్లకన్నా వాళ్లకు జలుబు ఎక్కువగా పట్టలేదు. చాలాకాలం తర్వాత, 2005లో, వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో ఇంకో ప్రయోగం జరిగింది. 90 మంది ఇరవై నిమిషాల పాటు చన్నీళ్లలో పాదాలు పెట్టుకొని కూర్చున్నారు. మరో 90 మంది ఖాళీ తొట్టిలో కాళ్లు పెట్టుకున్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో తమకు జలుబు చేసిందని చెప్పినవాళ్లు మొదటి గుంపులో 13 మంది, రెండో గుంపులో 5 మంది. ఒళ్లు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుపోయి, అప్పటికే అక్కడ నక్కి ఉన్న వైరస్‌కు అవకాశం దొరుకుతుందేమోనని ఆ పరిశోధకులు ఊహించారు. అయితే వాళ్లు చూసింది పాదాలను, జుట్టును కాదు. వైరస్ ఉందో లేదో పరీక్ష చేయనూ లేదు. కాబట్టి అమ్మమ్మ మాటను పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు, దానికి వణికిపోనూ అక్కరలేదు. చలికాలంలో ఫ్యాను కింద తడి తలతో పడుకుంటే ఒళ్లు చల్లబడుతుంది, నిద్ర సరిగా పట్టదు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి తల చల్లబడితే నొప్పి లేస్తుంది. అలాంటివాళ్లు తమ ఒంటి తీరు తామే ఎరిగి జాగ్రత్తపడాలి.

ఇంతకాలం మనం భయమంతా తల మీదే పెట్టుకున్నాం. నష్టం జరిగేది జుట్టుకు. అది ఒక్క రాత్రిలో కనిపించదు, అందుకే ఎవరూ దాన్ని తడి నిద్ర ఖాతాలో వేయరు.

వెంట్రుక మందం మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూనే. అంత సన్నని దాంట్లోనూ పొరలున్నాయి. పైన పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్న పొలుసులు. ఆ వాలు మాడు దగ్గర మొదలై కొస వైపుకు ఉంటుంది. అందుకే వెంట్రుకను పైనుంచి కిందికి నిమిరితే నున్నగా, కింది నుంచి పైకి నిమిరితే గరుగ్గా తగులుతుంది. పొలుసుల లోపల కెరటిన్ అనే మాంసకృత్తు పోగులు నిలువునా బారులు తీరి ఉంటాయి. జుట్టుకు బలమిచ్చేవి అవే. ఈ పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. గంధకంతో ఏర్పడినవి గట్టివి, వాటిని నీళ్లు కదిలించలేవు. హైడ్రోజన్ బంధాలనే రెండో రకం మాత్రం నీళ్లు తగలగానే ఊడిపోయి, ఆరగానే మళ్లీ ముడిపడతాయి. ముడి వేసుకొని పడుకున్న జుట్టు పొద్దున విప్పినా వంకర పోకపోవడానికి కారణం ఇదే. ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే బంధాలు బిగుసుకుంటాయి.

నీళ్లలో నానిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అడ్డంగా 15 శాతం దాకా ఉబ్బుతుంది. పొడవు మాత్రం ఒకటి, రెండు శాతమే పెరుగుతుంది. ఉబ్బినప్పుడు పైపొలుసుల అంచులు లేస్తాయి. అంచులు లేచిన రెండు వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకుంటే పొడి వెంట్రుకల మధ్య కన్నా రాపిడి ఎక్కువ.

ఇది మీరే చూడవచ్చు. దువ్వెనలో చిక్కుకొని వచ్చిన పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకోండి. సగానికి తెంపి, ఒక ముక్కను పది నిమిషాలు నీళ్లలో వేయండి. రెండు చేతుల వేళ్లకూ చుట్టుకొని పొడి ముక్కను మెల్లగా లాగి చూడండి. కాస్త సాగి, గట్టిగా నిలబడి, ఆ తర్వాతే తెగుతుంది. ఇప్పుడు తడి ముక్కను లాగండి. చేతికి బలం తెలియకుండానే అది సాగుతూ పోతుంది. అంత సాగుతోంది కదా, తడిసిన జుట్టు బలమైనదేమోనని ఎవరైనా పొరబడవచ్చు. దాదాపు మూడో వంతు పొడవు దాకా సాగినా తడి వెంట్రుక మళ్లీ తన పూర్వ స్థితికి రాగలదు. ఆ హద్దు దాటితే లోపలి పోగులు శాశ్వతంగా చెదిరిపోతాయి. పైకి వెంట్రుక తెగినట్టు కనిపించకపోవచ్చు. అక్కడ పలచబడి, ఎప్పుడో ఒకనాడు దువ్వెన తగిలినప్పుడు తెగుతుంది.

ఇప్పుడు పొడుగు జుట్టు సంగతి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా, డెబ్బై సెంటీమీటర్ల జడ ఉన్న అమ్మాయి జడ కొసకు దాదాపు ఆరేళ్ల వయసు. పదో తరగతిలో మాడు మీద మొలిచిన వెంట్రుక డిగ్రీ పూర్తయ్యేనాటికి నడుము చేరుతుంది. ఆ ఆరేళ్లలో అది ఎన్ని తలంట్లు చూసిందో, ఎన్ని దువ్వెనలు దాని మీదుగా దిగాయో, ఎంత ఎండ తిన్నదో ఆలోచించండి. మాడు దగ్గరి జుట్టుకు పొలుసులు నిండుగా ఉంటాయి. కొస దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల పొలుసులు అరిగిపోయి లోపలి పోగులు బయటపడి ఉంటాయి. అలాంటి కొస నీళ్లను ఇంకా త్వరగా పీల్చుకుంటుంది, ఇంకా తేలిగ్గా చిట్లుతుంది. చర్మం గాయపడితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. చర్మం దాటి బయటికి వచ్చాక వెంట్రుకలో జీవం లేదు గనుక దానికి మానడమన్నది లేదు. చిట్లిన కొసను అతికించే నూనెగాని, క్రీముగాని లేదు. కత్తిరించడం ఒక్కటే దారి. మెడ దాకా కత్తిరించుకున్న జుట్టుకు తడి నిద్ర చేసే చేటు తక్కువ. ఆ కొస వయసు రెండేళ్లకు అటూ ఇటూనే, పైగా అది గంటలో ఆరిపోతుంది. బారెడు జడ ఉన్నవాళ్లకే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. జుట్టు పెంచుకున్న మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

నిద్రలో మనిషి కదలకుండా ఉండడు. అటు తిరుగుతాడు, ఇటు ఒత్తిగిలుతాడు. తల దిండుకేసి నొక్కుకుంటుంది. భుజం కింద జుట్టు ఇరుక్కుంటుంది. పక్కకు తిరిగినప్పుడల్లా అది లాగుకుపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఈ లాగుళ్లను జుట్టు తట్టుకుంటుంది. ఉబ్బి, పొలుసులు లేచి, సాగే స్థితిలో ఉన్నప్పుడు ఆ లాగుడే దాన్ని పలచబరుస్తుంది. నూలు గలీబు తడిని పీల్చుకొని జుట్టును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పొద్దున లేచేసరికి మెడ వెనుక చిక్కు ఉండలు కట్టి ఉంటుంది. ఆఫీసుకు వేళవుతోందని ఆ ఉండను దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతారు. తడి నిద్ర సగం పని చేస్తే ఆ లాగు మిగతా సగం పూర్తి చేస్తుంది.

జడ వేసుకొని పడుకుంటే చిక్కు పడదు కదా అనుకుంటారు. ఆరిన జుట్టుకు అది మంచి మాటే. తడి జుట్టుకు కాదు. రాత్రి అల్లిన తడి జడను పొద్దున్నే విప్పి చూడండి. పైన చెయ్యి వేస్తే పొడిగానే తగులుతుంది. మూడు పాయలూ కలిసే లోపలి భాగం, ముఖ్యంగా మెడ దగ్గరి మొదటి రెండు మూడు అల్లికలు చల్లగా, చెమ్మగా ఉంటాయి. విప్పిన పాయను ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కవాసన వస్తుంది. రబ్బరు బ్యాండు వేసిన చోట వెంట్రుకలు నొక్కుకుపోయి గీతలా కనిపిస్తుంది. అక్కడే విరిగిన చిన్న ముక్కలు బ్యాండుకు అంటుకొని ఉంటాయి. ఎనిమిది గంటల పాటు ఆ జుట్టు ఉబ్బిన స్థితిలోనే, మెలితిరిగి, బిగువులో ఉండిపోయింది. వారానికి రెండుసార్లు, మూడుసార్లు, ఏళ్ల తరబడి ఇలా నానడం, ఆరడం, మళ్లీ నానడం జరిగితే లోపలి పోగులు అలిసిపోయి పట్టు వదులుతాయి.

ఆ ముక్కవాసన సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన మాడు మీద మలసేజియా అనే బూజు జాతి సూక్ష్మజీవి ఎప్పుడూ ఉంటుంది. అందరికీ ఉంటుంది. మాడు మీద ఊరే జిడ్డే దాని తిండి. చాలామందికి దాంతో ఏ బాధా లేదు. కొందరికి అదే చుండ్రుకు దారి తీస్తుంది. వెచ్చదనం, చెమ్మ, గాలి ఆడకపోవడం దానికి అనుకూలం. తడి తలే చుండ్రును పుట్టిస్తుందని నేను అనను. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడును గంటల తరబడి చెమ్మలో ఉంచకూడదు.

ఇంకొకటి ఉంది. దాని పేరు మనవాళ్లలో చాలామంది విని ఉండరు. తెల్ల పియెడ్రా అంటారు చర్మవైద్యులు. ట్రైకోస్పొరాన్ అనే బూజు వెంట్రుక కాడ మీద పెరిగి చిన్న చిన్న ముద్దలు కడుతుంది. తేమ ఎక్కువగా ఉండే వేడి ప్రాంతాల్లో, పొడుగు జుట్టు ఉండి, అది ఆరకముందే బిగించి కట్టుకొనే అలవాటున్న ఆడవాళ్లలో ఇది కనిపిస్తుంది. మన దేశంలో వైద్యులు చూసిన కేసుల్లోనూ ఎక్కువమంది అలాంటి యువతులే. వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని కిందికి జార్చితే అక్కడక్కడా గరుగ్గా తగులుతుంది. వెలుతురులో పెట్టి చూస్తే ఆవగింజ కన్నా చిన్నవి, తెల్లగానో లేత గోధుమ రంగులోనో కనిపిస్తాయి. తల్లులు వాటిని ఈపులనుకొని పేల దువ్వెన అందుకుంటారు. ఈపి వెంట్రుకకు ఒక పక్కన గట్టిగా అతుక్కొని ఉంటుంది, గోటితో గీరితే గాని రాదు. ఈ ముద్ద వెంట్రుక చుట్టూ ఉంటుంది, వేళ్లతో లాగితే జారుతుంది. పేల మందు దీనికి పనిచేయదు. చర్మవైద్యుడు చూసి బూజును చంపే మందు ఇస్తారు, అవసరమైతే జుట్టు పొట్టిగా కత్తిరించమంటారు. పేల మాట వచ్చింది గనుక ఇది కూడా చెప్పాలి. తడి జుట్టులో పేలు పుట్టవు. అవి ఒక తల నుంచి ఇంకో తలకు పాకుతాయి, అంతే. పేలున్న పిల్లను తల ఆరబెట్టుకోలేదని తిట్టవద్దు.

దిండును కూడా చూడండి. 2005లో వెల్లడైన ఒక పరిశోధనలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడకంలో ఉన్న దిండ్లను తెరిచి పరీక్షిస్తే ఒక్కో దిండులో నాలుగు నుంచి పదహారు రకాల బూజులు కనిపించాయి. అవి మామూలుగా వాడుతున్న దిండ్లే. మన ఇళ్లలో బూరుగుదూది దిండ్లు, పత్తి దిండ్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. వారానికి మూడు రాత్రులు తడి జుట్టు నీళ్లు తాగే దిండు లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఉబ్బసం ఉన్నవాళ్లకు, ధూళి పడనివాళ్లకు అది మంచిది కాదు. గలీబు ఉతికితే చాలదు, దిండును ఎర్రటి ఎండలో పడేయాలి.

ఈ అలవాటు ఎలా వచ్చిందన్నది నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. మన ఇళ్లలో తలంటు ఎప్పుడూ పొద్దుటి పనే. నరక చతుర్దశినాడు తెల్లవారకముందే, భోగినాడు మంట వేశాక, ఉగాదినాడు పొద్దున్నే. మామూలు రోజుల్లో ఆడవాళ్లకు శుక్రవారం ఉదయం. నువ్వుల నూనె మాడుకు మర్దనా చేసి, నలుగు పెట్టి, కుంకుడు రసమో శీకాయో పెట్టి రుద్ది, ఆ తర్వాత పెరట్లో నీరెండలో కూర్చొని వేళ్లతో పాయలు విడదీసుకుంటూ ఆరబెట్టుకోవడం దాకా అంతా కలిపితేనే తలంటు. పసిబిడ్డకూ బాలింతకూ అయితే నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. మూసిన గదిలో బొగ్గుల పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ఆ పద్ధతిని ఇవాళ అలాగే కొనసాగించమని చెప్పను. కాని తల పూర్తిగా ఆరేదాకా వదిలిపెట్టని వాళ్ల పట్టుదల సరైనది.

దానికి తోడు ఇంకో కట్టడి ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల జుట్టు విరబోసుకొని ఉండకూడదు. దానికి ఎవరు ఏ కారణం చెప్పినా, జరిగింది ఒక్కటే. పొద్దున తడిసిన జుట్టు సాయంత్రానికల్లా ఆరి, చిక్కు తీసి, జడ పడేది. రాత్రి దిండు మీదికి చేరేది పొడి జడ. ఇప్పుడు తలస్నానం రాత్రికి మారింది. జుట్టు విరబోసుకోకూడదన్న మాట మాత్రం మారలేదు. పదింటికి తల మీద నీళ్లు పోసుకున్న అమ్మాయి గదిలో జుట్టు వదిలేసి కూర్చుంటే, ఇంట్లో ఎవరో ఒకరు ఏమిటా అవతారం, ముడేసుకో అంటారు. ఆమె తడి జుట్టునే ముడేసుకుంటుంది. ఆచారంలో జుట్టును కాపాడిన సగం పోయి, కట్టడి చేసే సగం మిగిలింది. రాత్రిపూట తలస్నానం తప్పని ఇంట్లో, ఆ జుట్టును గాలికి విడిచి కూర్చోనివ్వండి. దానివల్ల ఏ అశుభమూ జరగదు.

రాత్రి తప్ప వీలుకానివాళ్లు ఏం చేయాలి? మొదటిది, తలస్నానాన్ని వంట తర్వాతికి కాకుండా ఇల్లు చేరగానే పెట్టుకోండి. ఆ రెండు మూడు గంటల తేడా చాలా పెద్దది. వంట చేస్తూ, పిల్లల్ని చదివిస్తూ ఉండగానే జుట్టు ముప్పాతిక భాగం ఆరిపోతుంది. పొయ్యి దగ్గర ఉన్నంతసేపు మాత్రం క్లిప్పుతో వదులుగా పైకి పెట్టుకోండి, విడిచిన జుట్టుకు మంట అంటుకునే ప్రమాదం ఉంది. తువ్వాలుతో జుట్టును రుద్దవద్దు. పాత నూలు చీర ముక్కో, మెత్తని పల్చని తువ్వాలో తీసుకొని పాయలు పాయలుగా ఒత్తండి. రుద్దితే లేచిన పొలుసులు విరుగుతాయి. బరువైన టర్కీ తువ్వాలును మెలితిప్పి గంటసేపు నెత్తిన కట్టుకుంటే నుదుటి అంచు వెంట్రుకల మీద బరువు పడుతుంది. పదిహేను నిమిషాల్లో తీసేయండి.

దువ్వెన విషయంలో అందరికీ ఒకే మాట పనికిరాదు. తిన్నని జుట్టు ఉన్నవాళ్లు తడి మీద దువ్వకుండా వేళ్లతో విడదీసుకొని, ఆరాక పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టు వాళ్లది వేరు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితేనే వాళ్ల జుట్టు ఎక్కువ తెగుతుంది. వాళ్లు కండిషనర్ రాసి తడి మీదనే చిక్కు తీసుకోవడం మేలు.

హెయిర్ డ్రయ్యర్ అంటే మనలో చాలామందికి భయం. జుట్టు కాలిపోతుందంటారు. దగ్గరగా, ఒకేచోట, పూర్తి వేడిలో పెడితే నిజమే. దక్షిణ కొరియా పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. జుట్టు కట్టలను ముప్పైసార్లు కడిగి, కొన్నిటిని డ్రయ్యర్‌తో వేర్వేరు దూరాల నుంచి, కొన్నిటిని మామూలు గాలికి ఆరబెట్టారు. వేడి పెరిగేకొద్దీ పైపొలుసులు ఎక్కువ దెబ్బతిన్నాయి. అయితే పొలుసుల మధ్య ఉండే అంటుపొర ఉబ్బి దెబ్బతిన్నది మాత్రం గాలికి నిదానంగా ఆరిన జుట్టులోనే. ఎక్కువసేపు తడిగా ఉండటమే అందుకు కారణమై ఉంటుందని వాళ్లు భావించారు. 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఆపకుండా కదుపుతూ ఆరబెడితే తక్కువ నష్టమని తేల్చారు. ఇది ప్రయోగశాలలో జుట్టు కట్టల మీద చేసిన చిన్న పరిశీలనే. అయినా నడుము దాటిన జుట్టుతో రాత్రి పదింటికి మిగిలింది రెండే దారులైతే, తడి ముడితో పడుకోవడం కన్నా జానెడు దూరం నుంచి గోరువెచ్చని గాలి పట్టడమే నయమని నా అభిప్రాయం. ముందు మాడు, మెడ వెనుక భాగం ఆరాలి. కొసలు చివర చూసుకోవచ్చు.

కొబ్బరినూనె గురించి మన అమ్మమ్మలు చెప్పింది ప్రయోగశాలలో కూడా నిలిచింది. ముంబైలో మారికో సంస్థ శాస్త్రవేత్తలు రెలే, మొహిలే 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. కడిగేటప్పుడు జుట్టులోంచి మాంసకృత్తు పోకుండా చెప్పుకోదగినంతగా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం సన్నని సూటి అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరి, నీళ్లు ఎక్కువగా చొరబడకుండా అడ్డుకుంటుంది. ఆ సంస్థ కొబ్బరినూనె అమ్ముకునేదే, ఆ సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. తలస్నానానికి గంట ముందు పొడి జుట్టుకు, ముఖ్యంగా కొసలకు, నూనె రాయండి. తడి జుట్టు మీద నూనె దట్టంగా పట్టించి జడ బిగించడం వేరే సంగతి. అప్పుడు లోపలి తడి బయటికి పోదు, మాడు మీద జిడ్డూ చెమ్మా కలిసి కూర్చుంటాయి.

అన్నీ చేసినా కాస్త చెమ్మ మిగిలిందనుకోండి. జుట్టును భుజాల కింద పడకుండా దిండు మీదుగా తల వెనక్కి పరిచి పడుకోండి. దిండు మీద పొడి బట్ట వేసి పొద్దున్నే తీసేయండి. శాటిన్ గలీబు అయితే రాపిడి తగ్గుతుంది. బాగా ఆరిన జుట్టుకైతే వదులుగా అల్లిన జడ, కొసన గుడ్డ బ్యాండు మేలు.

ఒక సంగతి తప్పక చెప్పాలి. జుట్టు కుదుళ్లతో సహా గుప్పెళ్లుగా ఊడుతుంటే తడి నిద్రను కారణంగా చూపి ఊరుకోవద్దు. దువ్వెనలో వచ్చినదాన్ని వెలుతురులో చూడండి. ఒక కొసన చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుంచి రాలిన వెంట్రుక. రోజుకు యాభై నుంచి వంద దాకా అలా రాలడం మామూలే. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే తెగినవి. తడి నిద్ర తెంపుతుంది, కుదుళ్లను చంపదు. కుదుళ్ల నుంచి విపరీతంగా రాలుతుంటే రక్తహీనత, థైరాయిడ్, రెండు మూడు నెలల కిందట వచ్చిన టైఫాయిడ్ లేదా డెంగీ జ్వరం, కాన్పు, ఇలాంటివి వెతకాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ అది సగానికి మించే ఉంది. అలాంటప్పుడు కొత్త షాంపూ కొనేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

ఇక బడిపిల్లలు. హాస్టళ్లలో, ఇళ్లలో కూడా తెల్లవారి ఐదింటికి తలస్నానం చేయించి, ఆరింటికల్లా తడి జుట్టునే రెండు జడలు బిగించి, పైకి మడిచి రిబ్బన్లు కడతారు. సాయంత్రం బడి నుంచి వచ్చి విప్పేదాకా ఆ జుట్టుకు గాలి ఉండదు. నేను ఇంతసేపూ రాత్రి గురించి చెప్పిందంతా ఆ పిల్లలకు పగలే జరుగుతోంది. వార్డెన్లకు, తల్లులకు నా మనవి ఒక్కటే. బడి ఉన్న రోజు పొద్దున పిల్లలకు తలస్నానం చేయించకండి. ఆదివారం ఉదయం చేయించి, మధ్యాహ్నం దాకా జుట్టు వదిలేయనివ్వండి. హాస్టల్లో స్నానాల వంతులు కూడా ఆ ప్రకారమే వేయండి.

ఇంట్లోని మగవాళ్లకూ ఒక మాట. పొడుగు జుట్టు ఆరాలంటే ఆమెకు కావలసింది సీసాలూ క్రీములూ కాదు, సాయంత్రం పూట రెండు గంటల తీరిక. మీ ఇంట్లో భార్యో, కూతురో, తల్లో తలస్నానం చేసిన రోజున ఆ పూట వంటా గిన్నెలూ మీరు అందుకోండి. ఆమెను ఫ్యాను కింద కూర్చోనివ్వండి.